దేశపు డొమైన్ల రీసెల్లర్ ప్యానెల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే మా చిన్న సంస్థ ఒక విదేశీ రిజిస్ట్రార్ (డొమైన్లు, అంటే వెబ్‌సైట్ పేర్లు, నమోదు చేసే సంస్థ) ఇచ్చే రీసెల్లర్ ప్యానెల్‌ను, అంటే ఆ పేర్లను కొని ఖాతాదారులకు తిరిగి అమ్మే ఆన్‌లైన్ వేదికను, కొన్నేళ్లుగా వాడుతోంది. భారత్ డొమైన్ అయిన డాట్ ఇన్ (.in) విషయంలో నాకు ఫిర్యాదు లేదు. 2005లో ఆ డొమైన్‌ను అందరికీ తెరిచాక కొనేవారు భారత్‌లోనే ఉండాలన్న షరతు లేదు కాబట్టి, వాలెట్‌లో డబ్బుంటే పని చకచకా అయిపోతుంది. బిల్లులు, రెన్యూవల్ మెయిళ్లు కూడా సవ్యంగానే వస్తాయి. చిక్కంతా నివాస అర్హత అడిగే డొమైన్ల దగ్గరే.

డాట్ యూఎస్ ఆర్డరు పెట్టేటప్పుడు ప్యానెల్ ఒక జాబితా చూపిస్తుంది: అమెరికా పౌరుడు, శాశ్వత నివాసి, అక్కడ నమోదైన సంస్థ, అక్కడ క్రమంగా కార్యకలాపాలు సాగించే విదేశీ సంస్థ, అక్కడ కార్యాలయం ఉన్న విదేశీ సంస్థ. మా ఖాతాదారుల్లో చాలామంది హెచ్1బీ వీసాపై డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువారు. అమెరికాయే ప్రధాన నివాసమైన వ్యక్తి కూడా అర్హుడేనని డాట్ యూఎస్ విధానంలో ఉంది గానీ ఈ జాబితాలో ఆ ముక్క కనిపించదు. గ్రీన్‌కార్డ్ రాని మనిషి ‘శాశ్వత నివాసి’ అని టిక్కు పెట్టడానికి జంకడంలో వింతేమీ లేదు. సపోర్టు వారిని అడిగితే, సరిపోయేదేదో మీరే ఎంచుకోండి అని జవాబిచ్చారు. పైగా డాట్ యూఎస్‌లో యజమాని వివరాలు దాచే సేవను అనుమతించరు. ఆ సంగతి ఆర్డరు పేజీలో ఎక్కడా లేదు. డొమైన్ కొన్న వెంటనే, అందరికీ కనిపించే ఆ నంబరుకు లోగో చేసిపెడతామంటూ ఫోన్లు మొదలైతే ఖాతాదారు నిలదీసేది మమ్మల్నే.

డాట్ సీఏ దగ్గర లోపం ఇంకా పెద్దది. వ్యక్తుల పేరున కొనాలంటే కెనడా పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. స్టడీ పర్మిట్‌పై టొరంటోలో చదువుకునే విద్యార్థి అక్కడి అద్దె ఇంటి చిరునామా ఇచ్చినా చాలదు. ప్యానెల్ మాత్రం చిరునామాలో కెనడా కనిపిస్తే చాలు, డబ్బు తీసేసుకుంటుంది. తర్వాత రిజిస్ట్రీ (డాట్ సీఏ డొమైన్లన్నిటినీ నిర్వహించే సంస్థ) ఆధారాలు అడిగి, అవి అందకపోతే డొమైన్‌ను సస్పెండ్ చేస్తుంది, ఆపై తొలగిస్తుంది కూడా. కట్టిన సొమ్ము తిరిగి రాదు.

డాట్ కామ్ డాట్ ఏయూ ఇంతకంటే నయం. ఆస్ట్రేలియా వ్యాపార నంబరు గానీ అక్కడి ట్రేడ్‌మార్కు వివరాలు గానీ ఇవ్వనిదే ఫారం ముందుకు కదలదు. అడగవలసింది ముందే అడగడమంటే ఇదే.

అర్హత ఒకసారి ఉంటే చాలదు, నిలవాలి కూడా. బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య, అంటే ఈయూ, నుంచి బ్రిటన్ వైదొలగడం) తర్వాత 2021 జనవరి 1న బ్రిటన్ చిరునామాలున్న డాట్ ఈయూ డొమైన్లు సస్పెండ్ అయ్యాయి. అంతకుముందు 2019 అక్టోబరు నుంచే ఈయూ పౌరులు ఎక్కడున్నా డాట్ ఈయూ తీసుకునే వీలు వచ్చింది గనుక, బ్రిటన్‌లో ఉంటున్న ఐర్లాండ్ పౌరుడు పౌరసత్వం చూపి తన పేరును నిలుపుకోగలిగేవాడు. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఎవరి డొమైన్లకు ముప్పుందో వడకట్టి చూపే సౌకర్యం ఈ ప్యానెల్‌లో నేటికీ లేదు. ఆ పట్టికను మేమే ఎక్సెల్‌లో రాసుకుంటున్నాం.

ఖాతాదారు వీసా ఏమిటో, సంస్థ ఎక్కడ నమోదైందో మెయిల్‌లో రాయించుకున్నాకే ఇప్పుడు బిల్లు పంపుతున్నాం. డాట్ ఇన్ కోసం ఈ ప్యానెల్‌లోనే కొనసాగుతాం; డాట్ సీఏ అడిగినవారిని మాత్రం, లాభం పోయినా, నేరుగా కెనడా రిజిస్ట్రార్ దగ్గరికి పంపేస్తున్నాం.