పాస్‌పోర్టులో సర్‌నేమ్: ఇంటిపేరా, చివరి ‘రావు’నా, ఖాళీగా వదిలేయడమా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్ వైపు నుంచి, అటు మహారాష్ట్రలో సిరోంచ, బల్లార్షాల్లో ఉన్న చుట్టాల దగ్గర నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్ దగ్గర ఏం రాయాలి? ఫీజు గురించి, అపాయింట్‌మెంట్ గురించి ఎవరూ అడగరు. అవి అందరికీ తెలిసినవే. ఈ ఒక్క గడి దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఈ మధ్య మా అమ్మాయికి పాస్‌పోర్టు తీయించినప్పుడు మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ నడిచింది. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఆంధ్రా, తెలంగాణల్లో ఈ తంటా కాస్త తక్కువ. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందొస్తుందని అక్కడ గుమాస్తాకు కూడా తెలుసు. మన దగ్గర బడిలో పేరు రాసుకునే ఒడియా మాస్టారికి చివర ఏది ఉంటే అదే టైటిల్, అంటే ఇంటిపేరు. దాస్, సాహు, పట్నాయక్ ఎలాగో రావు కూడా అలాగే. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు. తండ్రి ‘కరణం శ్రీనివాసరావు’ అని చెబుతాడు, రిజిస్టరులో ‘కె. శ్రీనిబాస్ రావ్’ అని పడుతుంది. ఒడియాలో మన వ-కారాన్ని సాధారణంగా బ తోనే రాస్తారు కాబట్టి వెంకట్ బెంకట్ అవుతాడు, విశ్వనాథం బిశ్వనాథ్ అవుతాడు. పదో తరగతి సర్టిఫికెట్ మీద ఇంగ్లీషు అక్షరాల్లోనూ అదే అచ్చవుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత దుబాయి వీసా దగ్గర ఎదురయ్యే తలనొప్పికి మొదలు ఆ రిజిస్టరే.

పాస్‌పోర్టులో ఇనీషియల్స్ ఒప్పుకోరు. ‘కె.’ అని వదిలేస్తే కుదరదు, దాన్ని విప్పి రాయాలి, లేదా తీసేయాలి. మనవాళ్లు ఇక్కడే మూడు దారులుగా చీలిపోతారు.

చివరి ముక్కనే సర్‌నేమ్‌గా రాయడం మన ఒడిశాలో ఎక్కువమంది చేసే పని. సర్‌నేమ్ దగ్గర రావ్, ఫారంలో దాని పైనుండే పేరు గడిలో మిగతాదంతా. చూడటానికి బాగుంటుంది. ఆఫీసులో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు, స్థానికులందరి పేర్లూ అదే వరసలో ఉంటాయి మరి. ఒక్కడు ఉద్యోగానికి వెళ్లి ఒక్కడే తిరిగొచ్చేంతవరకు దీనితో పెద్ద ఇబ్బందేమీ లేదు. క్లినిక్కులో నర్సు ‘మిస్టర్ రావ్’ అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు లేచి నిలబడతారు, అంతే.

కుటుంబం వెంట వచ్చినప్పుడు చూడాలి తమాషా. భర్త సర్‌నేమ్ రావ్. భార్య పేరు లక్ష్మీకుమారి కాబట్టి ఆమె సర్‌నేమ్ కుమారి. కొడుకు సాయికిరణ్, వాడి సర్‌నేమ్ కిరణ్. కూతురు సాయిప్రియ, ఆ పిల్ల సర్‌నేమ్ ప్రియ. ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు ఇంటిపేర్లు! మనకిది వింతగా అనిపించదు. కౌంటర్ అవతల కూర్చున్న మనిషికి మాత్రం వీళ్లు నలుగురు వేరువేరు ప్రయాణికులు. బ్రిటన్‌లో దిగేటప్పుడు తల్లి సర్‌నేమ్, పిల్లల సర్‌నేమ్ వేరైతే బంధుత్వం గురించి అధికారి అడగవచ్చనీ, జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవడం మంచిదనీ వాళ్ల ప్రభుత్వమే చెబుతోంది. తల్లి ఒక్కతే పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు ఆ కాగితం కోసం హ్యాండ్‌బ్యాగ్ అంతా వెతుక్కోవడం, వెనక లైనులో వాళ్ల చూపులు... అనవసరపు టెన్షన్.

మా పెదనాన్నగారి అబ్బాయి జర్మనీలో ఉంటాడు. అక్కడ అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు నంబరు చూసి ఉత్తరాలు వెయ్యరు. కింద గేటు దగ్గర బెల్లు పక్కన, పోస్టు డబ్బా మీద సర్‌నేమ్ ఉంటుంది. పోస్టుమన్ ఆ పేరు చూసే వేస్తాడు. పేరు లేకపోతే కవరు వెనక్కి వెళ్లిపోతుంది. వాడు వెళ్లిన కొత్తలో డబ్బా మీద రావ్ అని చీటీ అంటించుకున్నాడు. మా మరదలు పేరు మీద ఇన్సూరెన్స్ కార్డు వచ్చింది, కుమారి ఎవరో తెలియక తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ వేలెడంత చీటీ మీద రావ్, కుమారి, పిల్లాడి పేరు కూడా చిన్న అక్షరాల్లో ఇరికించి రాశారు. చూసినవాళ్లు ముగ్గురు స్నేహితులు ఇల్లు పంచుకున్నారనుకుంటారట.

ఇక ఇంటిపేరును సర్‌నేమ్‌గా పెట్టడం. నా మొగ్గు ఇటే, దాచుకోవడం దేనికి. కారణం గౌరవం, వంశం అని కాదు. పాస్‌పోర్టు పేజీ చూడండి. పైన సర్‌నేమ్, దాని కింద పేరు. ఫొటో కింద బాణం గుర్తులతో ఉండే రెండు వరుసల్లో మొదటిదాంట్లోనూ అంతే, ముందు సర్‌నేమ్, రెండు గుర్తులు, తర్వాత పేరు. విమానం టికెట్టు మీద కూడా సర్‌నేమే ముందు. అంటే కరణం శ్రీనివాసరావు అని మనం ఎప్పుడూ పలికే వరసే. ఎవరో ఒకరు తలకిందులు చేసి రాస్తే తప్ప మన పేరు అందులో చక్కగా ఇముడుతుంది. ఇంటిల్లిపాదికీ సర్‌నేమ్ ఒకటే అవుతుంది. జర్మనీలో చీటీ మీద ఒక్క పేరు చాలు.

ఇబ్బందులు లేకపోలేదు. మన ఇంటిపేర్లు కొన్ని మరీ పొడుగు, పేర్లు అంతకంటే పొడుగు. ఆ బాణం గుర్తుల వరుసలో పేరు మొత్తానికి దక్కేది 39 స్థానాలు. వెంకట సత్యసూర్య నాగేశ్వరరావు గారికి ఇంటిపేరు కూడా కలిస్తే తోక తెగుతుంది. తెగినా పాస్‌పోర్టు చెల్లుతుంది, కాకపోతే టికెట్టు మీద పేరు ఇంకోలా పడి చెక్-ఇన్ దగ్గర వివరించాల్సి వస్తుంది. అమెరికా, యూరప్‌లలో పరిచయం లేనివాళ్లు ఇంటిపేరుతో పిలుస్తారు, మొదట్లో ఎవర్నో పిలుస్తున్నారనిపిస్తుంది. పెళ్లైన ఆడవాళ్ల సంగతి వేరే, దానికి తర్వాత వస్తాను.

మూడోది, సర్‌నేమ్ ఖాళీగా వదిలేయడం. ‘ఏది రాసినా గొడవే, వదిలేస్తే పోలా’ అనే సలహా మనూళ్లలో బాగా నడుస్తోంది. పాస్‌పోర్టు ఆఫీసు అభ్యంతరం చెప్పదు, పుస్తకం ఇంటికి వచ్చేస్తుంది. అసలు కథ ఆ తర్వాత. టికెట్టు బుక్ చేసేటప్పుడు లాస్ట్ నేమ్ లేనిదే పేజీ ముందుకు కదలదు. ఒక ఎయిర్‌లైన్స్ ఉన్న పేరే రెండుసార్లు రాయమంటుంది, ఇంకోటి వేరేలా రాయమంటుంది. అమెరికా వీసాలో ఉన్న పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. అదే అక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు మీదికీ ఎక్కుతాయి. కొత్త ఆఫీసులో ‘హలో ఎఫ్‌ఎన్‌యూ’ అని మెయిల్ అందుకున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు.

గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా వినాలి. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టులకు అడ్డు చెప్పింది. పేరు, సర్‌నేమ్‌లలో ఒకటి ఖాళీగా ఉండి, రెండోదాంట్లో ఒక్క మాటే ఉంటే విజిట్ వీసా మీద రానివ్వరు. పాస్‌పోర్టు లోపలి పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు. అప్పటికే అక్కడ రెసిడెన్సీ ఉన్నవాళ్లకు ఆ గొడవ లేదు. సడలింపు ఉంది కదా అని భరోసా పెట్టుకోకండి. కౌంటర్ దగ్గర కుర్రాడికి ఆ సడలింపు తెలియకపోతే అర్ధరాత్రి అతనికి మనం పాఠం చెప్పలేం. ఖాళీ మాత్రం వద్దు.

తండ్రి పేరును సర్‌నేమ్‌గా పెట్టే పద్ధతి ఒకటుంది. మా మామగారు చాలాకాలం మద్రాసులో పనిచేశారు, మా అమ్మాయికి అలాగే పెట్టమన్నారు. తమిళులకు అది అలవాటు. మనకెందుకు?

ఇంతవరకు చెప్పినదాంట్లో నా ఇష్టం ఇంటిపేరని తేలిపోయింది. కానీ ఇష్టం కంటే పెద్దది ఒకటుంది, నన్నడిగితే తేల్చాల్సింది అదే: పదో తరగతి సర్టిఫికెట్. ఫోన్ చేసినవాళ్లను నేను ముందు ఆ కాగితం ఫొటో పంపమంటాను. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు మార్చుకోవచ్చు. పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోవచ్చు. బోర్డు సర్టిఫికెట్ మాత్రం అలా కదిలేది కాదు, కటక్‌లో బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లను అడగండి. దుబాయిలో ఉద్యోగానికి డిగ్రీ మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆ దేశ ఎంబసీ ముద్ర పడాలి. డిగ్రీ మీద పేరు ఎక్కడిది? పదో తరగతి నుంచి వచ్చిందే. పది పాసైతే పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ చెక్ ముద్ర లేకుండా వస్తుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు కూలి పనులకు వెళ్లేవాళ్లకు ఆ ముద్ర ఉంటే ఇంకో క్లియరెన్సు కావాలి. అందుకూ ఆ సర్టిఫికెట్టే ఆధారం.

కాబట్టి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే అదే సర్‌నేమ్, ఇక ఆలోచించక్కర్లేదు. ‘కె.’ అని ఉంటే కరణం అని విప్పి సర్‌నేమ్‌లో రాయండి, శ్రీనిబాస్ రావ్‌ను కదపకుండా పేరు గడిలో పెట్టండి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి దగ్గర ఉంచుకోండి. ఇంటిపేరు అక్షరమే లేకుండా ఉత్త శ్రీనిబాస్ రావ్ అని ఉంటే, మనసుకు నచ్చకపోయినా రావ్‌నే సర్‌నేమ్ చేసుకోండి. బెంకట్ అని ఉంటే బెంకటే. ఇంట్లో వెంకటే అంటారు, పోయేదేం లేదు.

పది దాకా చదవని వాళ్లకు, గోపాలపూర్ వైపు చేపల వేటకెళ్లే కుటుంబాల్లో ఇలాంటివాళ్లు ఉన్నారు, ఆధారే మొదటి కాగితం. ముందు అందులో ఇంటిపేరు పూర్తిగా రాయించి, ఆ తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లాలి. మార్పుకు ఉన్నవి రెండు అవకాశాలే కాబట్టి స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

పసిపిల్లల విషయంలో మనకు చేతినిండా స్వేచ్ఛ ఉంది. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. బారసాల కాకముందే ఆసుపత్రివాళ్లు నమోదు చేసేస్తారు, పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఏడాదిలోపు పేరు చేర్చడానికి రుసుము లేదు, ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా చేర్చవచ్చు. చేర్చేటప్పుడు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయించండి. మా అమ్మాయికి అలాగే చేశాం. మా ఆవిడ పాస్‌పోర్టులో ఇప్పటికీ కుమారి అనే ఉంది, ఆమె సర్టిఫికెట్ అలా ఉంది కనక.

మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లకు ఈ మీమాంస చాలావరకు లేదు. తన పేరు, తండ్రి పేరు, ఆడనావ్ (మరాఠీలో ఇంటిపేరు) అని మూడు ముక్కలూ బడిలోనే స్థిరపడిపోతాయి. చాందా (చంద్రపూర్), నాందేడ్ వైపు మన ఇంటిపేర్లకు ‘వార్’ తగిలించుకుని చింతవార్, మామిడ్వార్ అని హాయిగా తిరుగుతున్నారు. పాస్‌పోర్టు గడులకు సరిగ్గా సరిపోయే పద్ధతి, ఒప్పుకోవాల్సిందే. చిక్కంతా ఆడపిల్లలకు. పెళ్లి కాగానే తండ్రి పేరు స్థానంలో భర్త పేరు, ఆడనావ్ కూడా కొత్తది. సిరోంచలో మా మేనత్త కూతురికి పెళ్లైన నెలలోనే అత్తవారు ఆధార్ మార్పించారు. పాస్‌పోర్టు పుట్టింటి పేరుతో, డిగ్రీ పుట్టింటి పేరుతో, ఆధార్ మెట్టినింటి పేరుతో తేలాయి. భర్త ఒమన్‌లో ఉంటాడు, వీసాకు పంపబోయే ముందు చూసుకుని తల పట్టుకున్నారు. పెళ్లైతే పేరు మార్చుకోవాలని చట్టంలో లేదు. పాత పేరు అలాగే ఉంచి, పాస్‌పోర్టు రీఇష్యూలో భర్త పేరు చేర్పించుకుంటే సరిపోతుంది. ఒడిశా వైపు ఆడపిల్లలకూ నేను ఇదే చెబుతాను, కొన్ని ఇళ్లలో అత్తగార్లకు ఈ మాట రుచించదనుకోండి.

ఇప్పటికే సర్‌నేమ్ ఖాళీతో పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గడువు తీరేదాకా ఆగకండి. రీఇష్యూకు పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2000. టికెట్టు కొనకముందే ఆ పని కానివ్వండి, పాత పేరుతో కొన్న టికెట్టులో పేరు మార్చడానికి చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు.