మ్యాచ్ ఉన్న వారం కాలేజ్ స్టేషన్‌లో గది తీసుకోకండి, శుక్రవారం అర్ధరాత్రి మాత్రం వదులుకోకండి

టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊరు వెళ్లాలనుకుంటే ముందు అక్కడి యూనివర్సిటీ వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ షెడ్యూల్ చూసుకోండి. మ్యాచ్ ఉన్న వారాంతం మామూలు మోటెల్ గది 329 డాలర్లు చెప్పారు మాకు. ఒక్క రాత్రికి ఇవ్వరట, రెండు రాత్రులకీ కట్టాల్సిందే. పన్నులతో కలిపి 757 అయింది. అదే గది మంగళవారం అయితే 84 డాలర్లేనని మా అల్లుడు ఫోన్‌లో తీసి చూపించాడు. చూపించకపోయినా బాగుండేది.

నాలుగింటికి ఇస్తామన్న తాళం ఆరు దాటాక చేతికొచ్చింది. నలుగురికి రెండే తువ్వాళ్లు. ఏసీ వేస్తే పిండిమర ఆడుతున్నంత మోత, ఆపితే ఉక్క. పొద్దున టిఫిన్ దగ్గర వాఫుల్ మెషీన్ మీద పనిచేయదని కాగితం అంటించి, పక్కన గట్టిపడిపోయిన బన్నులు పెట్టారు. ఏది అడిగినా కౌంటర్‌లో కుర్రాడిది ఒకటే జవాబు: "ఈ వారం మ్యాచ్ ఉంది సార్." తువ్వాలుకీ మ్యాచ్‌కీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. మా ఆవిడ డాలర్లని రూపాయల్లోకి మారుస్తూ కూర్చుంది. మార్చిన ప్రతిసారీ నావైపు చూసింది.

ఎందుకంటే వెళ్దామన్నది నేనే. బాపట్లలో ఏజీ బీఎస్సీ చదివినవాణ్ణి. ఆ ఊళ్లో ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ జట్టుని 'అగ్గీస్' అంటారని, అంటే వ్యవసాయ కాలేజీ కుర్రాళ్లని తెలిసినప్పటి నుంచి ఓసారి చూడాలని ఉండేది. దారిలో అల్లుడికి ఇంకో సందేహం వచ్చింది. "యూటా స్టేట్ కూడా అగ్గీసే, న్యూ మెక్సికో స్టేట్ కూడా, కాలిఫోర్నియాలో డేవిస్ కూడా. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు మామయ్యగారూ?"

ఎవరూ కొట్టలేదు. వీళ్లందరినీ ఒక గూటికి చేర్చింది 1862లో లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టం. పార్లమెంటులో ఒక రాష్ట్రానికి ఎంతమంది సభ్యులుంటే, ఒక్కొక్కరికి 30,000 ఎకరాల చొప్పున ఆ రాష్ట్రానికి కేంద్రం భూమి ఇచ్చింది. దాన్ని అమ్మిన సొమ్ముతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీ పెట్టాలి. దాంతో రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో 'అగ్రికల్చరల్' అన్న బోర్డే వెలిసింది. ఆ మాటని ఎక్కడికక్కడ ఒకేలా కుదించుకున్నారు. 1890లో రెండో చట్టం వచ్చాక, తెల్లవాళ్ల కాలేజీల్లో చోటు దొరకని నల్లజాతి విద్యార్థులకి విడిగా కాలేజీలు పుట్టాయి. గ్రీన్స్‌బరోలో ఉన్న నార్త్ కరోలినా ఏ అండ్ టీ అలా వచ్చిందే. వాళ్లూ అగ్గీసే.

తర్వాత చాలామంది ఆ పేరు వదిలేశారు. మిషిగన్ స్టేట్ వాళ్లు 1920లలో స్పార్టన్స్ అయ్యారు, ఓక్లహోమా స్టేట్ వాళ్లు కౌబాయ్స్ అయ్యారు, కాన్సాస్ స్టేట్ వాళ్లు వైల్డ్‌క్యాట్స్ అయ్యారు. నలుగురిలో పేరు రాగానే బురద కాళ్లు కడుక్కున్నారని నా ఉద్దేశం. కాన్సాస్ మీద నాకు ఇంకాస్త కినుక. 1964లో మన రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికా సాయంలో భాగంగా ఊతమిచ్చింది వాళ్లే. మనకి వ్యవసాయ విద్య నేర్పినవాళ్లకి ఆ పేరు ఎందుకు బరువైందో!

టెక్సస్ వాళ్లు దారి మార్చలేదు. 1963లో కాలేజీ కాస్తా యూనివర్సిటీ అయ్యాక 'ఏ' (అగ్రికల్చరల్), 'ఎం' (మెకానికల్) అక్షరాలకి అధికారికంగా అర్థమే లేదు, అయినా అగ్గీస్ అనే అంటారు. అసలు వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్ పుట్టిందే పొలంలో. 1904లో ఎడ్విన్ కైల్ అనే హార్టికల్చర్ ప్రొఫెసర్ సాగుకని తనకిచ్చిన నేలలో కొంత కంచె వేసి, 650 డాలర్లు సొంత డబ్బు పెట్టి గ్యాలరీ కట్టించాడు. ఇప్పుడక్కడ 1,02,733 మంది పడతారు.

శుక్రవారం అర్ధరాత్రి ఆ స్టేడియంలోనే 'మిడ్‌నైట్ యెల్' జరుగుతుంది. పైసా టికెట్ లేదు. మర్నాటి మ్యాచ్‌కి అరుపులు సాధన చేయడానికి వేల మంది వస్తారు. కింద నిలబడి అరుపులు నడిపించే అయిదుగురు విద్యార్థులు చేతులతో సైగ చేయగానే జనమంతా ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులానించి, "ఫార్మర్స్, ఫైట్!" అని ఒక్క గొంతుతో అరిచారు. రైతులారా కొట్లాడండి అని వేల గొంతులు అరుస్తుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. నేనూ అరిచాను, మర్నాడు గొంతు పోయింది. చివర్లో దీపాలన్నీ ఆర్పేస్తారు, జంటలు ముద్దు పెట్టుకోవాలట. అది ముందే చెప్పాలి కదా! మా అమ్మాయి, అల్లుడు చెరో దిక్కు చూశారు. మా ఆవిడ చీకట్లో హ్యాండ్‌బ్యాగు వెతికింది. అక్కడి నుంచి గదికి వచ్చేదాకా మాత్రం ముసిముసిగా నవ్వుతూనే ఉంది.

శనివారం మ్యాచ్‌కి అల్లుడూ నేనే వెళ్లాం. టికెట్ 110, పార్కింగ్ 40. ఆట ముక్క అర్థం కాలేదు.

క్యాంపస్‌లో మెమోరియల్ స్టూడెంట్ సెంటర్ చుట్టూ ఉన్న గడ్డి తొక్కకండి, లోపలికెళ్తే టోపీ తీయండి. యుద్ధాల్లో పోయిన పూర్వ విద్యార్థుల గుర్తుగా కట్టిన భవనం అది. మా అల్లుడు అడ్డదారిన నడవబోతే ఓ కుర్రాడు పరిగెత్తుకొచ్చి మర్యాదగానే ఆపాడు.

డబ్బు మిగలాలంటే హ్యూస్టన్‌లో దిగండి, కారులో గంటన్నర పైచిలుకు. శుక్రవారం పొద్దుపోయాక బయల్దేరి, అరుపులు విని, రాత్రికే తిరిగొచ్చేయండి. నడిపేవాళ్లకి ఫ్లాస్కులో కాఫీ పోసివ్వండి, మ్యాచ్ టీవీలో చూసుకోవచ్చు.