పాత ల్యాప్‌టాప్‌లో గేమ్స్: రెండేళ్లు వాడాక మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎలా ఉంది

మెషీన్ 2013 నాటి ఐ5-4200యూ, హెచ్‌డీ 4400 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్, సాటా ఎస్‌ఎస్‌డీ. యాంటీఎక్స్, ఎంఎక్స్ లినక్స్, లుబుంటు లాంటి డిస్ట్రోలు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాలు) అన్నీ వేసి చూశాక నిలిచింది లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే మింట్). గేమ్ నడుస్తుందా లేదా అన్నది మాత్రం డిస్ట్రో బరువు తేల్చదు, గ్రాఫిక్స్ చిప్ ఏ తరానిదో తేలుస్తుంది.

ఖాళీగా ఉన్నప్పుడు యాంటీఎక్స్ సుమారు 300 ఎంబీ ర్యామ్ తీసుకుంటే, మింట్ 800 దాకా తీసుకుంటుంది. కానీ గేమ్స్ కొని ఆడే స్టీమ్ యాప్ తెరవగానే దాని వెబ్‌హెల్పర్ (లోపలి బ్రౌజర్) అలా మిగిలిన ర్యామ్ అంతా మింగేస్తుంది. లైబ్రరీ సెట్టింగ్స్‌లో లో పెర్ఫార్మెన్స్ మోడ్ ఆన్ చేసి, వ్యూ మెనూలో స్మాల్ మోడ్ పెట్టుకుంటే అసలు ఉపశమనం అక్కడ దొరుకుతుంది. స్టీమ్‌కి కావాల్సిన 32-బిట్ ప్యాకేజీలు మింట్‌లో వెంటనే ఇన్‌స్టాల్ అవుతాయి; డెబియన్‌లో అయితే ఐ386 (32-బిట్) ఆర్కిటెక్చర్‌ని మనమే జోడించాలి.

ఇక చిక్కంతా ప్రోటాన్‌తోనే, అంటే విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపే స్టీమ్ టూల్‌తోనే. విండోస్ గేమ్‌కి ప్లే నొక్కితే ఆకుపచ్చ బటన్ నీలం స్టాప్‌గా మారుతుంది, కొన్ని సెకన్లకే మళ్లీ ఆకుపచ్చ. ఎర్రర్ ఏదీ కనిపించదు. కారణం: ప్రోటాన్ 8 నుంచి వచ్చే డీఎక్స్‌వీకే 2కి (విండోస్ గేమ్స్ వాడే డైరెక్ట్‌ఎక్స్ గ్రాఫిక్స్‌ని వల్కన్‌లోకి మార్చేది) వల్కన్ 1.3 (గ్రాఫిక్స్ చిప్‌తో గేమ్ మాట్లాడే ప్రమాణం) కావాలి, ఈ ల్యాప్‌టాప్‌లోని హాస్‌వెల్ తరం చిప్ అంతదాకా రాదు. మెసా (లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లు) ఎంత కొత్తది వేసినా ఇది మారదు. గేమ్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి ప్రోటాన్ 7.0 ఎంచుకుంటే చాలావరకు డైరెక్ట్‌ఎక్స్ 9, 11 గేమ్స్ తెరుచుకుంటాయి. డైరెక్ట్‌ఎక్స్ 12 మీద ఆశ వదులుకోండి. ఇంకా పాత హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్‌కి అయితే వల్కనే లేదు, వల్కన్ లేకుండా పనిచేసే వైన్‌డీ3డీ ఒక్కటే దారి. 2015 నాటి హెచ్‌డీ 520 ఉన్నవాళ్లకి ఈ తలనొప్పే ఉండదు.

హాలో నైట్, స్టార్‌డ్యూ వ్యాలీ, పోర్టల్ 2 లాంటివాటికి లినక్స్ వెర్షన్లే ఉన్నాయి కాబట్టి వీటికి ప్రోటాన్ అక్కర్లేదు. పోర్టల్ 2 మాత్రం 720పీలోనే ఆడండి.

ర్యామ్ విషయంలో ఒకే 8 జీబీ స్టిక్ కన్నా రెండు 4 జీబీలు మేలు. గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్‌లు ఒకేసారి పనిచేయడం) అయితేనే దానికి ఊపిరాడుతుంది. కొనేది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అయ్యుండాలి, మామూలు డీడీఆర్3 ఈ ప్రాసెసర్‌కి పనికిరాదు. 4 జీబీతోనే సర్దుకోవాలంటే జెడ్‌ర్యామ్‌ని (ర్యామ్‌లోని డేటాని కుదించి చోటు మిగిల్చేది) ర్యామ్‌లో 50 శాతానికి, జెడ్‌ఎస్‌టీడీ కంప్రెషన్‌తో పెట్టండి.

సీపీయూ గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్) పెర్ఫార్మెన్స్‌లో పెడితే ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేములు) పెరుగుతుందనుకుంటారు. ఈ చిప్‌లో తగ్గనూవచ్చు. సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ కలిసి పంచుకోవాల్సింది 15 వాట్లే, సీపీయూ ఎగబడితే గ్రాఫిక్స్‌కి మిగిలేది తక్కువ. అందుకే గేమ్ ఆడేటప్పుడు సిస్టమ్‌ని సర్దే గేమ్‌మోడ్ టూల్‌లో ఐజీపీయూ (ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్) కోసం ప్రత్యేక సెట్టింగే ఉంది. ఎఫ్‌పీఎస్ చూపించి పరిమితం చేసే మ్యాంగోహడ్ టూల్‌తో 40 ఎఫ్‌పీఎస్‌కి కట్టేస్తే వేడి అదుపులో ఉంటుంది, ఆట కూడా కుదుపుల్లేకుండా సాగుతుంది. విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ (విండోల నీడలు, పారదర్శకత లాంటివి చూపేది) ఆపేయడం మర్చిపోకండి.

పాత విండోస్ పార్టిషన్‌లోని గేమ్స్‌నే వాడేద్దామనుకుంటే, ప్రోటాన్ సృష్టించే ఫోల్డర్లలో కోలన్ ఉన్న పేర్లుంటాయి, విండోస్ డిస్క్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో గొడవ అక్కడే మొదలవుతుంది. లైబ్రరీని లినక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లోకి మార్చుకోండి. వాలొరంట్ కోసమైతే మాత్రం విండోస్ ఉంచుకోవాల్సిందే, దాని యాంటీచీట్ లినక్స్‌లో నడవదు.