టార్ రిలే సర్వర్ నుంచి నోటిఫికేషన్ మెయిల్స్: నేరుగా పంపాలా, ఇంకో సర్వర్ ద్వారానా, ఏది మేలు?

టార్ రిలే (ఎవరు ఏం చూస్తున్నారో బయటపడకుండా ట్రాఫిక్‌ని చేతులు మార్చే టార్ నెట్‌వర్క్‌లో ఒక మజిలీ) నడిపే సర్వర్ అయినా క్రాన్ (టైముకి పనులు వాటంతటవే నడిపేది) రిపోర్టులు, డిస్క్ నిండిందన్న హెచ్చరికలు మనకి మెయిల్ చేయాల్సిందే. చిక్కల్లా ఎక్కడంటే, రిలేల ఐపీల జాబితా అందరికీ కనిపించేదే కాబట్టి దాన్ని తీసుకెళ్లి బ్లాక్‌లిస్ట్‌లో పెట్టడం చాలా తేలిక, ట్రాఫిక్ బయటి ఇంటర్నెట్‌లోకి దిగే ఎగ్జిట్‌లతో పాటు, మధ్యలో అందించడం తప్ప ఏ పాపం తెలియని మిడిల్ రిలేలని కూడా చేర్చేసే లిస్టులున్నాయి. ఎగ్జిట్ నుంచి ఏయే పోర్టులకి వెళ్లొచ్చో చెప్పే టార్ డిఫాల్ట్ ఎగ్జిట్ పాలసీలో, మెయిల్ సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25 పోర్టు మూసే ఉంటుంది, అయినా అది ఎవరిక్కావాలి!

నేరుగా పంపుదామని పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) పెట్టి, మెయిల్ అసలైనదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, రివర్స్ డీఎన్ఎస్ అన్నీ సరిచేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆ లిస్టులు వాడే సర్వర్లు ఐపీ చూసి 550 (మెయిల్ తీసుకోమనే కోడ్) కొట్టి పంపేస్తాయి, డీకిమ్ సంతకం చూసేదాకా రానే రావు. రిలే అని తెలిసే చేర్చిన లిస్టుల్లోంచి తీసేయమని అడగడం కూడా దండగే. మెయిల్ అందుకునే సర్వర్ కూడా మీదే అయితే మాత్రం మీ ఐపీని అక్కడ వైట్‌లిస్ట్ చేసుకోండి, కథ కంచికి.

రెండో ఐపీ కొని రిలేకి ఒకటి, మెయిల్‌కి ఒకటి కట్టేయొచ్చు. పని చేస్తుంది, కానీ రోజుకి నాలుగు మెయిల్స్ కోసం అదనపు ఖర్చు, పైగా చాలా హోస్టింగ్ కంపెనీలు 25 పోర్టుని అసలు తెరవనే తెరవవు.

నా ఓటు స్మార్ట్‌హోస్ట్‌కే, అంటే మన మెయిల్‌ని మన తరఫున పంపిపెట్టే ఇంకో సర్వర్‌కే. 587 లేదా 465 పోర్టు మీద లాగిన్ అయి ఇంకో మెయిల్ సర్వర్‌కి అప్పగిస్తే, అవతలివాళ్లకి కనెక్షన్ ఆ సర్వర్ ఐపీ నుంచి వస్తుంది. ఇంతమాత్రానికి పోస్ట్‌ఫిక్స్ కూడా అక్కర్లేదు, మెయిల్‌ని ఇంకో సర్వర్‌కి అప్పగించడం మాత్రమే చేసే చిన్న ప్రోగ్రామ్ ఎంఎస్ఎంటీపీ చాలు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు: పాస్‌వర్డ్ రిలే మెషీన్‌లోనే ఉంటుంది కాబట్టి సొంత మెయిల్ అకౌంట్‌ది కాకుండా ఈ పనికే విడిగా ఒకటి తీసుకోండి. రెండోది, మెయిల్ ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో రాసుండే రిసీవ్డ్ హెడర్‌లో రిలే ఐపీ మిగిలిపోతే దాన్ని కూడా తవ్వి చూసే స్పామ్ ఫిల్టర్లున్నాయి, అందుకే స్మార్ట్‌హోస్ట్ మీ చేతిలోనే ఉంటే ఆ లైన్‌ని అక్కడే తీసేయించండి.

సర్వర్ డౌన్ అయిందన్న కబురుకి ఇవేవీ పనికిరావు, ఆగిపోయిన మెషీన్ మెయిల్ ఎలా పంపుతుంది? దానికి బయటి నుంచి చూసే మానిటరింగ్ ఉండాలి, లేదా రిలే ఆగిపోతే మెయిల్ చేసే, టార్ ప్రాజెక్ట్ వాళ్ల టార్ వెదర్‌లో పేరు నమోదు చేసుకోండి.

బ్రిడ్జ్ (అందరికీ కనిపించే జాబితాలో లేని రిలే) నడిపేవాళ్ల సంగతి వేరు. బ్రిడ్జ్ ఐపీ రహస్యంగా ఉండాల్సింది, మెయిల్ హెడర్‌లో అది పడిందంటే దాచిన ఫలితమే లేదు, కాబట్టి ఆ సర్వర్ నుంచి మెయిల్ అసలు పెట్టుకోకపోవడమే నయం.