డోనవాన్ గాయపడ్డ పొలాలు: వ్యాన్ టూర్ దండగ, కారు తీసుకోండి

ఫ్రాన్స్‌లోని వెర్డన్‌లో మనిషికి 120 యూరోలు పుచ్చుకుని వ్యాన్‌లో తిప్పిన గైడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్ అధికారి డోనవాన్ గాయపడ్డ లాండ్ర్-ఎ-సాన్-జార్జ్ అనే పల్లె పేరెత్తితే "అక్కడేముంది, పొలాలే కదా" అని బండి తిప్పేశాడు. ఆ పొలాల కోసమే డబ్బు కట్టింది! డబ్బు కట్టే ముందే ఊరి పేరు రాయించుకోండి, నోటిమాట పనికిరాదు.

విలియం డోనవాన్ కొలంబియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్, ఆ తర్వాత బఫెలోలో లాయరు. 1918 అక్టోబరు నాటికి అమెరికా సైన్యం 165వ పదాతి దళంలో లెఫ్టినెంట్ కర్నల్. 14, 15 తేదీల్లో లాండ్ర్ దగ్గర జర్మన్ల మీద దాడికి తానే ముందు నడిచాడు. మెషిన్ గన్ తూటాలు కాలికి తగిలినా ఆసుపత్రికి వెళ్లనని, దళం వెనక్కి తగ్గేదాకా అక్కడే ఉన్నాడు. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది అందుకే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓఎస్ఎస్ అనే అమెరికా గూఢచారి సంస్థను నడిపిందీ ఆయనే.

పక్క ఊరు సొమ్మెరాన్స్ నుంచి లాండ్ర్ వైపు చిన్న రోడ్డు పట్టుకోండి. మధ్యలో ఆగి చూస్తే గైడుకి కనపడనిది కనిపిస్తుంది: నక్కడానికి చాటు లేని బయలు, ఎదురుగా జర్మన్లు ముళ్లకంచెలు వేసుకుని కూర్చున్న ఎత్తు. పొలాలు రైతులవి, పైరులో దిగొద్దు. దున్నితే ఇప్పటికీ పాత గుండ్లు పైకొస్తాయి. తుప్పు ఇనుము ముట్టుకోవద్దు.

దగ్గర్లోని రోమాన్య్ ఊళ్లో, ఆ యుద్ధంలో పోయిన అమెరికన్ సైనికుల శ్మశానం ఉచితం, 9 నుంచి 5 దాకా. 14,246 సమాధులు. డోనవాన్ కోసం వెతక్కండి, ఆయన 1959లో పోయాడు, ఉన్నది వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లో. వర్జీనియాలో మనవాళ్లింటికి వెళ్లినప్పుడు చూడొచ్చు, అదీ ఉచితమే. రోమాన్య్ దగ్గరి మోఫోకోన్‌లో అమెరికన్ల యుద్ధ స్మారక స్తంభానికి 234 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కిందే కూర్చోబెట్టండి.

పారిస్ ఈస్ట్ స్టేషన్ నుంచి మ్యూజ్ టీజీవీ స్టేషన్‌కి హైస్పీడ్ రైల్లో గంట, అక్కడినుంచి వెర్డన్‌కి బస్సు. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే గేర్ల బండే గతి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంచుకోండి.

తిండి దగ్గరే అసలు చిక్కు. పల్లెల్లో మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, సోమవారం చాలాచోట్ల అసలే తెరవరు. శాకాహారులు కీష్ లొరేన్ అనే వంటకం చూసి గుడ్డే కదా అనుకోవద్దు, లోపల పంది మాంసం ముక్కలుంటాయి. పులిహోర కట్టుకెళ్లిన బావగారిని పొద్దున అందరూ వెక్కిరించారు, మధ్యాహ్నం అందరూ ఆయన చుట్టూనే. మిరాబెల్ (చిన్న పసుపు ప్లమ్) పళ్ల టార్ట్ మాత్రం వదలొద్దు. ఆ పళ్లు ఆగస్టు, సెప్టెంబరులోనే తాజాగా దొరుకుతాయి.