మా అమ్మ శృతి దొరికింది

బరంపురం బడా బజార్ వైపు పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఒక చిన్న రేడియో రిపేరు దుకాణం గురించి ఇది.

మా అమ్మ హరిశ్చంద్ర పద్యనాటకాల చంద్రమతి. తొమ్మిదేళ్లకి లోహితాస్యుడి వేషంతో స్టేజీ ఎక్కింది. పందొమ్మిదో ఏట చంద్రమతి కట్టి, 1994 దాకా పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. మగవేషాలు ఊరివాళ్లే వేసుకునేవారు, ఆడవేషానికి అమ్మకి అడ్వాన్సు పంపేవారు. మేకప్ పెట్టె ఒళ్లో పెట్టుకుని చిన్న రైల్లో వెళ్లి, రాత్రంతా పాడి, పొద్దెక్కాక వచ్చేది. కన్నాంబ గారు నాటకాల నుంచి వెళ్లి 1935లో సినిమా చంద్రమతి అయ్యారు. మా అమ్మకి మిగిలినవి ఏడు క్యాసెట్లు.

ముందు వేరే ఊళ్లో ఒకచోట ఇచ్చాం. పెన్‌డ్రైవ్ పెట్టగానే అమ్మ, "ఇది నా గొంతు కాదే" అంది. హార్మోనియం మెట్టు పట్టి చూశాను. అమ్మ పాడేది ఐదున్నర శృతి, అక్కడ ఒక మెట్టు కిందికి, ఐదు పలుకుతోంది. బెల్టు వదులైన టేపురికార్డరు మెల్లగా తిరిగితే శృతి దిగిపోతుంది. క్యాసెట్‌లో 30 నిమిషాల ఒక వైపు దాదాపు 32 నిమిషాలు సాగింది.

బరంపురం దుకాణాయన ఒడియా మనిషి, తెలుగు చక్కగా మాట్లాడతాడు. క్యాసెట్లు తిప్పి చూస్తూ, "మాఉసీ (పిన్నిగారు) ఏ శృతిలో పాడేవారు?" అని అడిగాడు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. బూజు తుడిచి, పగిలిన రెండు క్యాసెట్ల టేపుని వేరే డబ్బాల్లోకి మార్చాడు. బెల్టు కొత్తది వేశాక నేను హార్మోనియం మీద ఐదున్నర పట్టుకుని కూర్చుంటే, మోటారు స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ స్పీడు కలిపాడు. కాటిసీను పద్యం రాగం తీస్తుండగా రెండూ కలిసిపోయాయి. నాకు ఒళ్లు జలదరించింది.

క్యాసెట్‌కి 300 రూపాయలు. ఐదు వారాలు పట్టింది, రెండుసార్లు ఊరికే తిప్పించాడు. ఇంకొక లోపం, హోరు తీసేస్తానని జనం కేకలు కూడా తీసేశాడు. పద్యం అయ్యాక "వన్స్‌మోర్" వినపడకపోతే అమ్మ అదే పద్యం మళ్లీ ఎందుకు ఎత్తుకుందో వినేవాళ్లకి ఎలా తెలుస్తుంది? అడిగితే డబ్బు తీసుకోకుండా శుభ్రం చేయని కాపీ కూడా ఇచ్చాడు. మీరు ముందే రెండూ అడగండి.

అమ్మ ఏడూ వింది. మూడో క్యాసెట్ దగ్గర మాత్రం ఆపమని, "ఇక్కడ హార్మోనిస్టు తొందరపడ్డాడు, చూడు" అంది.