న్యూయార్క్ ఫ్రిక్ కలెక్షన్: చీటీలు లేని మ్యూజియంలో ఏం చూడాలి, ఎలా చూడాలి

మెట్రోపాలిటన్ మ్యూజియం అలవాటుతో ఫ్రిక్‌లో అడుగుపెడితే మొదటి పావుగంట చిరాకు తప్పదు. బొమ్మల పక్కన వివరాల చీటీలుండవు. దేశం వారీగా, కాలం వారీగా గదులుండవు. ఒకే హాల్లో ఒక గోడకి ఇటలీ, ఎదురు గోడకి స్పెయిన్, జర్మనీ. ఎందుకంటే ఇది మొదట ఇల్లు, ఆ తర్వాతే మ్యూజియం.

ఇంటి యజమాని హెన్రీ క్లే ఫ్రిక్ బొగ్గు, ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించినవాడు. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మె మీదికి పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా కంపెనీ మనుషుల్ని దింపింది ఈయనే. ఆ ఘర్షణలో రెండు వైపులా ప్రాణాలు పోయాయి. పాలరాతి మెట్లు ఎక్కేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. 1913-14లో థామస్ హేస్టింగ్స్ ఈ భవనం కట్టాడు. 1919లో ఫ్రిక్, 1931లో భార్య పోయాక, వీలునామా ప్రకారం 1935లో జనానికి తెరిచారు. అందరూ ఫొటోలు దిగే గార్డెన్ కోర్ట్ మాత్రం ఫ్రిక్ ఎరగనిది. ఆయన రోజుల్లో అది బండ్లు వచ్చిపోయే ఆరుబయలు. దానికి పైకప్పు వేసి ఫౌంటెన్ చుట్టూ స్తంభాలు నిలిపింది జాన్ రస్సెల్ పోప్.

టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యేది లివింగ్ హాల్లో. ఫైర్‌ప్లేస్ పైన ఎల్ గ్రెకో గీసిన సెయింట్ జెరోమ్. అటూ ఇటూ హోల్బైన్ గీసిన థామస్ మోర్, థామస్ క్రామ్‌వెల్, ఇద్దరూ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రులు. బతికుండగా పడని ఇద్దర్నీ ఎదురెదురు చూసుకునేలా పెట్టించాడు ఫ్రిక్. 1535లో మోర్ తల తెగింది, ఐదేళ్లకి క్రామ్‌వెల్‌దీ అంతే. మోర్ దగ్గర ఆగి గడ్డం చూడండి. రెండు మూడు రోజులు గీసుకోని గడ్డం, తెల్లబడుతున్న వెంట్రుకతో సహా కనిపిస్తుంది. ఎర్ర మఖ్మల్ చేతుల మీద మడత మడతకీ మెరుపు మారుతుంది. పక్కనున్న క్రామ్‌వెల్ దీని ముందు వెలవెలబోతాడు.

ఎదురు గోడ మీద బెల్లీని గీసిన సెయింట్ ఫ్రాన్సిస్. ఇక్కడ హడావుడి పడితే నష్టం మీదే. సన్యాసి చెప్పులు మేజా దగ్గరే వదిలేసి, వట్టికాళ్లతో బయటికొచ్చి నిలబడ్డాడు. దూరంగా గాడిద, అరచేతిలో క్రీస్తు శిలువ గాయం లాంటి గుర్తు, చేతి దగ్గర రాళ్ల సందులోంచి తొంగిచూస్తున్న కుందేలు. ఇవన్నీ దొరకాలంటే కనీసం పది నిమిషాలు పడుతుంది.

ఫ్రాగొనార్ గదికి ఐదు నిమిషాలు చాలు. ఫ్రాన్స్ రాజుగారి ప్రియురాలు మదామ్ దు బారీ కోసం గీయించి, ఆమే వద్దని తిప్పిపంపిన బొమ్మలివి. 1915లో ఫ్రిక్ వీటికి పెట్టింది పన్నెండున్నర లక్షల డాలర్లు. నాకైతే ఈ బొమ్మల్లో చక్కెర కాస్త ఎక్కువైంది.

వెస్ట్ గ్యాలరీకి వెలుతురు పైకప్పు అద్దాల్లోంచి వస్తుంది. రెంబ్రాంట్ 1658లో గీసుకున్న స్వీయచిత్రాన్ని పగటి వెలుగులోనే చూడాలి. డిసెంబరులో నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది కాబట్టి, శీతాకాలంలో పొద్దున టికెట్టే తీసుకోండి. వార్నిష్ మీద వెలుగు తళుక్కుమని బొమ్మ కనబడకపోతే దగ్గరికి పోవద్దు, అరడుగు పక్కకి జరగండి. చాలా బొమ్మలకి ముందు అద్దం గాని తాడు గాని ఉండదు. వేలు పెట్టి చూపించబోతే కాపలావాళ్లు వెంటనే హెచ్చరిస్తారు.

2025 ఏప్రిల్‌లో మరమ్మతులయ్యి తెరిచినప్పటినుంచి పై అంతస్తులోకీ పంపుతున్నారు. ఇది కుటుంబం పడగ్గదులుండే చోటు, ఇన్నేళ్లూ ఆఫీసులు నడిచాయి. గదులు చిన్నవి, జనం ఎక్కువ, ఊపిరాడదు. అందుకే తలుపులు తీయగానే నేరుగా పైకి పోయి, తర్వాత కిందికి దిగడం తెలివైన పని. పైన తప్పక చూడాల్సింది ఆంగ్ర్ గీసిన కౌంటెస్ దోసన్‌విల్. నీలి పట్టు గౌను, వెనక అద్దంలో మెడ, జడలో ఎర్ర రిబ్బను. కుడి చెయ్యిని కాస్త పరిశీలించండి, భుజం నుంచి కాకుండా పక్కటెముకల్లోంచి మొలిచినట్టుంటుంది. అయినా ఎబ్బెట్టుగా అనిపించదు, అదే ఆంగ్ర్ గొప్పదనం.

డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసినవి మూడున్నాయి. ప్రపంచం మొత్తమ్మీద ఆయనవి నలభైలోపే. చోటు మారుతుంటుంది గనక కాపలావాళ్లని అడగడమే తేలిక.

వెళ్లే ముందు ఫోన్లో బ్లూమ్‌బర్గ్ కనెక్ట్స్ యాప్ దింపుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకెళ్లండి. ఉచితం. చీటీలు లేని లోటు తీర్చేది అదొక్కటే. అది కూడా లేకుండా వెళితే ఫ్రేము అడుగున పేరు చదువుకుని వచ్చేయాల్సిందే. ఫొటోలు గార్డెన్ కోర్ట్‌లో తీసుకోవచ్చు, గ్యాలరీల్లో కుదరదు. కాళ్లు నొప్పెడితే అక్కడి బెంచీలే గతి, గదుల్లో ఉన్న పాత కుర్చీలు చూడ్డానికే.

తిరిగి తెరిచినప్పుడు పెద్దలకి టికెట్ 30 డాలర్లు పెట్టారు, 10 నుంచి 18 ఏళ్లవాళ్లకి ఉచితం. మంగళవారం సెలవు. టికెట్ మీద వేళ రాసి ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. 6 నంబరు రైల్లో 68వ వీధి స్టేషన్‌లో దిగి ఫిఫ్త్ అవెన్యూ వైపు నడిస్తే సరి.

పదేళ్లు నిండని పిల్లల్ని లోపలికి రానివ్వరు, ఎంత బతిమాలినా అంతే. చిన్నపిల్లలున్న జంటలు వేర్వేరు వేళలకి టికెట్లు తీసుకోండి. ఒకరు లోపలున్నంతసేపు రెండోవాళ్లు పిల్లల్ని రోడ్డు దాటించి సెంట్రల్ పార్కులో ఆడించొచ్చు. మధ్యలో రెండు గంటలు వదలండి, గంటన్నర సరిపోదు.